లోయ అవతలి బడి

సాన్ లినో ఊళ్ళో లుదీవియా పంతులమ్మ గురించి తెలియనివాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు నిన్న సాయంత్రం పుట్టిన పసిగుడ్డు. రెండో ఆయన చర్చిలో గంట కొట్టే చెవిటి తాత. తాతకి కూడా ఎవరో సైగలు చేసి చెప్పేశారని వినికిడి.

ఆమెకి అంత పేరు రావడానికి కారణం మందుల షాపు. ఒక శనివారం, తన బడి ఉన్న లా తోల్దా కొండ నుంచి దిగి వచ్చి, తలనొప్పి మాత్రలు అడిగింది. పూటకొకటి, తిన్న తరవాత, మంచినీళ్ళతో వేసుకోవాలని షాపాయన వివరంగా చెప్పాడు. లుదీవియా శ్రద్ధగా విని, తల ఊపి, "శభాష్! చక్కగా చెప్పావు నాన్నా. ఇంక కూర్చో," అంది. షాపాయనకి యాభై నాలుగేళ్ళు, చేంతాడంత మీసాలు, ముగ్గురు మనవలు. ఆయన కూర్చున్నాడు కూడా! అప్పుడు షాపులో ఉన్నది పదిమంది. ఇప్పుడు అడిగితే మూడొందల మంది ఆ పూట అక్కడే ఉన్నామంటారు.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తిరుగు జీపులో పాల క్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాక మాత్రం నవ్వు ఆగిపోయింది. లా తోల్దాలో పెద్దవాళ్ళు లేక కాదు. పిల్లల తల్లులున్నారు, తండ్రులున్నారు. కానీ వాళ్ళతో మాటలు జ్వరాల గురించి, పేల గురించి, కాఫీ కోతల గురించి. తీసివేత చక్కగా చేసే పిల్ల మధ్యలో సున్నా కనపడగానే ఎందుకు బిగుసుకుపోతుందో, దాని గురించి మాట్లాడదామంటే ఎవరున్నారు? వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఇరవై రెండు రోజులయింది అలాంటి మాట ఒకటి మాట్లాడి.

పదహారేళ్ళ కిందట ఆమె ఆ బడికి మూడు నెలల కోసం వచ్చింది. అప్పటికి ఇరవై రెండేళ్ళు. అక్కడుండే పాత పంతులమ్మ పన్ను పీకించుకొస్తానని ఊళ్ళోకి వెళ్ళింది. ఆ పన్నుకి ఎంత వేరుందో గానీ, ఇప్పటికీ పీకుతూనే ఉన్నారు కాబోలు, మనిషి తిరిగి రాలేదు. బదులుగా వచ్చిన లుదీవియా అలాగే ఉండిపోయింది. ఒక గది, అయిదు తరగతులు, పద్నాలుగు మంది పిల్లలు, ఒక్క పంతులమ్మ. ఎవరి పుస్తకం వాళ్ళది, ఎవరి నడక వాళ్ళది. మూడో తరగతి పిల్ల ఒకటో తరగతివాడికి చెబుతుంది, పొద్దున రాగానే ఎవరి హాజరు వాళ్ళే గోడమీద పట్టీలో గుర్తు పెట్టుకుంటారు. పిల్లలే ఎన్నుకున్న ప్రెసిడెంటు ఉంటుంది. ఈ ఏడు ప్రెసిడెంటు దాయిరా. పదకొండేళ్ళది, మాట మాత్రం నలభై ఏళ్ళ మనిషిది.

జీపు రోడ్డు లోయ అంచుదాకా వచ్చి ఆగిపోతుంది. బడి లోయకి అవతల. మధ్యలో గరూచా. అంటే ఈ కొండకీ ఆ కొండకీ కట్టిన ఇనప తాడు, దానికి కప్పీ, కప్పీకి వేలాడే తొట్టి. కాఫీ బస్తాలు, అరటి గెలలు, పందిపిల్లలు, మనుషులు, అన్నీ అందులోనే. లోయ ఎంత లోతంటే, తొట్టిలోంచి ఒక కోడి జారిపడితే నేలని తాకేలోపు గుడ్డు పెట్టి, పొదిగి, పిల్లల్ని కూడా పెంచుకోవచ్చు. గరూచా వద్దనుకుంటే కిందకి దిగి, వంతెన దాటి, మళ్ళీ ఎక్కాలి. కంచరగాడిద మీద అయిదు గంటలు, అదీ గాడిద మంచి మూడ్‌లో ఉంటే.

ఒకప్పుడు కాఫీ కొనే వ్యాపారి ఒకడు లుదీవియాని చూసి మనసు పడ్డాడు. గిటార్ పట్టుకుని లోయ అంచుకి వచ్చాడు. తొట్టిని చూశాడు. ఇవతలే నిలబడి పాడేసి వెళ్ళిపోయాడు. సగం పాట గాలికి కొట్టుకుపోయింది, మిగిలిన సగానికి పెళ్ళి చేసుకునేంత విషయం లేదని ఆమె అందట.

ఆమె ఎదురుచూసేది గిటార్ల కోసం కాదు. నెలకోసారి వచ్చే మైక్రోసెంట్రో కోసం. ఆ చుట్టుపక్కల కొండల మీది ఒంటి గది బడుల మాస్టర్లు, పంతులమ్మలు, పదిమంది, నెలకో శుక్రవారం ఒక బడిలో కలుస్తారు. ఆ బడివాళ్ళు కోడి, దుంపలు వేసి సాంకోచో పులుసు వండుతారు. అందరూ తమ చేత్తో చేసిన పరికరం ఒకటి తెచ్చి, వదిలేసి, ఇంకొకరిది పట్టుకుపోతారు. ఆ తరవాత అసలు పని. ఒక్కొక్కరూ ఆ నెలలో తమకి తెగని సమస్య ఒకటి ఒక్క ముక్కలో చెప్పాలి. మిగిలినవాళ్ళు జవాబివ్వాలి, కానీ నోటితో కాదు. చేసి చూపించాలి. ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే లావు అర్నోబియో మాస్టారు బల్ల గుద్ది "చేత్తో! చేత్తో!" అని అరుస్తాడు. అర్నోబియో పొట్ట మీటింగుకి తొమ్మిదింటికి వస్తే, ఆయన తొమ్మిదింపావుకి వస్తాడు. నోరు మాత్రం ముందు రోజే వచ్చేస్తుంది.

లుదీవియా చేసే పరికరాలకి ఆ పదిమందిలో సాటి లేదు. తోటకి నీళ్ళు పెట్టే గొట్టం, ఒక బుడగ, రెండు సంచులతో మనిషి తిన్న తిండి ఎటుపోతుందో చూపించే బొమ్మ చేసింది. దాన్ని చూసి ఒక బడిలో పిల్లలు వారం రోజులు అన్నం బాగా నమిలి తిన్నారట. వెదురు కణుపులు కోసి భిన్నాలు చేసింది. ఆమె చేసినవి తొమ్మిది బడుల్లోనూ ఉన్నాయి. తొమ్మిది బడులనీ ఆమె చూసింది. ఆమె బడిని మాత్రం ఒక్కరూ చూడలేదు.

ప్రతి జనవరిలో టోపీలో నెలల చీటీలు వేసి తీస్తారు. ఎవరికి ఏ నెల వస్తే ఆ నెల మీటింగు వాళ్ళ బడిలో. లుదీవియాకి ఏదో ఒక నెల వస్తుంది. ఆ నెల రాగానే ఏదో ఒకటి అవుతుంది. ఒకసారి వాన. ఒకసారి కొండ విరిగిపడింది. ఒకసారి బిషప్ గారి రాక. ఒకసారి అర్నోబియో నడుము. "వచ్చే ఏడు తప్పకుండా, ప్రొఫె," అంటారు (మాస్టరుకైనా పంతులమ్మకైనా మా కొండల్లో అదే పిలుపు), మీటింగు సాన్ లినో బళ్ళో పెట్టేస్తారు. గరూచా మాట ఎవరూ ఎత్తరు. ఆమె కూడా ఎత్తదు.

ఈ ఏడు ఆగస్టు చీటీ వచ్చింది. ఆగస్టులో మా కొండల్లో చుక్క రాలదు. బిషప్ గారు రోమ్‌లో ఉన్నారు. అర్నోబియో నడుము పెళ్ళిళ్ళలో నాట్యం చేస్తోంది. పల్లెల బడుల్ని చూసుకునే పెద్దమనిషి దోన్ అన్సీసర్ స్వయంగా చెప్పాడు, "ఈసారి లా తోల్దాయే. అందరం వస్తాం."

ఆ మాట విన్నప్పటినుంచి లుదీవియాకి నిద్ర పట్టలేదంటే నమ్మాలి. బడి గోడలకి రెండుసార్లు సున్నం కొట్టించింది. గరూచా బ్రేకు పట్టే దోన్ గిల్దార్దో చేత కప్పీకి అరడబ్బా గ్రీజు పెట్టించింది. దాయిరా వాళ్ళ అమ్మ కోళ్ళ లెక్క అడగడానికి వచ్చింది.

"ఎన్ని కొయ్యాలి ప్రొఫె?"

"పదిమంది వస్తున్నారు. నాలుగు చాలు."

"ఆ లావు మాస్టారు కూడానా?"

"ఆయన కూడా."

"అయితే ఆరు," అని ఆవిడ వెళ్ళిపోయింది.

అన్నిటికంటే లుదీవియా మనసంతా పెరట్లోని కొండ మీద ఉంది. ఆమే, పిల్లలూ రెండేళ్ళు కష్టపడి మట్టితో లా తోల్దా మొత్తాన్ని నేల మీద కట్టారు. నడుము ఎత్తు శిఖరం, గట్లు, లోయ, ఏరు, పద్నాలుగు మంది పిల్లల ఇళ్ళకి పద్నాలుగు రాళ్ళు. పైన చెంబుతో నీళ్ళు పోస్తే పాయలు పాయలుగా దిగి ప్రతి ఇంటి పక్కనుంచి పారి, కింద ఏట్లో కలుస్తాయి. వాన పడితే కరిగిపోతుంది, పిల్లలు మళ్ళీ కడతారు. మిగతావన్నీ సంచిలో పెట్టి మీటింగులకి మోసుకుపోయింది. దీన్ని మోసుకుపోవడం కుదరదు. దీన్ని చూడాలంటే రావాలి.

ఆ శుక్రవారం తొమ్మిదింటికి జీపు లోయ అంచున ఆగింది. అవతల ఒడ్డున లుదీవియా, కొత్త జాకెట్టు, తలకి రిబ్బను. వెనక పద్నాలుగు మంది పిల్లలు జెండాలతో. జీపులోంచి తొమ్మిదిమంది టీచర్లు, దోన్ అన్సీసర్ దిగారు. దిగి, బట్టలు దులుపుకుని, గరూచా దగ్గరికి వచ్చి, కిందకి చూశారు. అంతే. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"దీన్ని మనుషుల కోసం పెట్టారా, అరటి గెలల కోసం పెట్టారా?" అన్నాడు అర్నోబియో.

"రెండిటికీ ప్రొఫె. గెలలైతే ఇంతవరకూ ఏమీ అనలేదు," అన్నాడు బ్రేకు పట్టుకున్న గిల్దార్దో.

ఒకావిడకి వాళ్ళమ్మ వైపునుంచి తల తిరుగుడు ఉందట. ఇంకొకాయన నేల మీదనుంచి కాళ్ళు ఎత్తనని మేరీ మాతకి మొక్కుకున్నాడట, ఎప్పుడు మొక్కుకున్నాడో మాత్రం గుర్తు లేదు. అందరికంటే చిన్నది నయీబే, ఆ ఏడే ఉద్యోగంలో చేరింది. "నేను వెళ్తాను," అని ఒక అడుగు వేసింది. దోన్ అన్సీసర్ ఆమె సంచి పట్టుకుని ఆపాడు. "నువ్వెళ్ళి ఏమైనా అయితే మీ నాన్నకి నేను జవాబు చెప్పాలి తల్లీ. వెళ్తే అందరం, లేకపోతే ఎవరం వద్దు."

ఆయన తల గోక్కున్నాడు. జేబులోంచి పటం తీసి చూశాడు. మొహం వెలిగింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి అవతలికి అరిచాడు.

"ప్రొఫె లుదీవియా! లా తోల్దా పొలిమేర ఈ గరూచా స్తంభం దాకా ఉంది! అంటే మేము లా తోల్దాలోనే ఉన్నట్టు! మీటింగు ఇక్కడే పెట్టుకుందాం! మీరు ఇటు వచ్చేయండి!"

ఆ ఒడ్డున జెండాలు ఒక్కొక్కటే కిందకి దిగాయి. లుదీవియా రిబ్బను సరిచేసుకుంది. పాలడబ్బా రేకుతో పిల్లలు చేసిన బూర ఒకటి దాయిరా చేతిలో ఉంది. దాన్ని తీసుకుంది.

"నేను రాను దోన్ అన్సీసర్! మీరు మా బడికి వచ్చిన చుట్టాలు. ఇల్లు వదిలేసి చుట్టాల దగ్గరికి పోతారా ఎవరైనా?"

"మరెలా?"

"మీరు అక్కడే కూర్చోండి! నేను ఇక్కడే ఉంటాను! అయ్యేది అవుతుంది!"

అలా మొదలైంది ఆ మీటింగు. భూమి పుట్టాక లోయకి చెరో ఒడ్డునా కూర్చుని జరిగిన మీటింగు అదొక్కటే. ముందు సాంకోచో వెళ్ళింది. పెద్ద కుండకి మూత కట్టి తొట్టిలో పెడితే, గిల్దార్దో దాన్ని పెళ్ళికూతుర్ని దింపినట్టు దింపాడు. అరటికాయ ముక్కలు, కర్రపెండలం, కోడి, చుక్క ఒలకలేదు. ఆ తరవాత అరెపాలనే మొక్కజొన్న రొట్టెలు, బెల్లం నీళ్ళు. ఆ తరవాత బడి. అవును, బడే. గోడలు తప్ప బడిలో ఉన్నవన్నీ ఆమె తొట్టికి ఎత్తించింది. కాఫీ గింజలతో చేసిన పదుల, వందల సంచులు. ఎండిన కాయలతో చేసిన గడియారం. తూకం కర్ర. పిల్లలు తమ ఇళ్ళలో తాతలు చెప్పిన కథలు రాసిన పుస్తకం. ఒక్కొక్కటీ వెళ్తుంటే దాయిరా బూరలో దాని గురించి అరిచి చెప్పింది, గొంతు పోయేదాకా.

అవతల పదిమందీ వాటి చుట్టూ మూగారు. ఇవతలనుంచి లుదీవియాకి కనపడినవి వీపులు. పది వీపులు, వంగి, దేన్నో చూస్తున్నాయి. దేన్నో తెలియదు. ఒక్కోసారి అందరూ నవ్వారు. ఎందుకో తెలియదు. ఎవరో ఒక వస్తువుని పైకి ఎత్తి "బ్రావో ప్రొఫె!" అన్నారు. ఏది ఎత్తారో గుర్తుపట్టడానికి ఆమె కళ్ళు చిట్లించింది. ఒక చెయ్యి దేన్నో అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేసింది. ఎందుకు పక్కన పెట్టింది? బాగాలేదా? అర్థం కాలేదా? నూటయాభై గజాల దూరం. అడగాలంటే అరవాలి, అరిచి అడిగే ప్రశ్నలు కావు అవి.

"చూస్తున్నారు ప్రొఫె! అన్నీ చూస్తున్నారు!" అంది దాయిరా సంబరంగా.

"ఆ, చూస్తున్నారమ్మా," అంది లుదీవియా.

భోజనాలయ్యాక తెగని సమస్యల వంతు. అర్నోబియో లేచాడు. అరవడానికి ఆయనకి బూర అక్కర్లేదు.

"మా నాలుగో తరగతి వాళ్ళు నాలుగో వంతు కంటే ఎనిమిదో వంతు పెద్దదంటున్నారు! నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదా, అదీ వాళ్ళ న్యాయం! బతిమాలాను, బెదిరించాను! మొండిఘటాలు!"

బడి ఒడ్డునుంచి తొట్టి కదిలింది. అందులో రెండు బెల్లం అచ్చులు, ఒక కత్తి.

"ఒక అచ్చు నాలుగు ముక్కలు చెయ్యి! రెండోది ఎనిమిది చెయ్యి! ఒక్క ముక్క తీసుకోమను వాళ్ళని!"

అర్నోబియో కోశాడు. రెండు కుప్పల వంకా చూశాడు. చెయ్యి దానంతట అదే వెళ్ళి నాలుగో వంతు తీసి నోట్లో వేసుకుంది. అందరూ పడీ పడీ నవ్వారు.

"తెగిందా?" అని అరిచింది లుదీవియా.

"కరుగుతోంది!" అన్నాడు అర్నోబియో నిండు నోటితో.

అలా ఒక్కొక్కరివీ అయ్యాయి. చివరికి ఇంటివాళ్ళ వంతు. పదహారేళ్ళలో లుదీవియా ఎప్పుడూ తన సమస్య చెప్పలేదు. తన వంతు రాగానే "నాదేం లేదు, ముందుకు పోనివ్వండి," అనేది. అందరికీ అలవాటయిపోయింది. దోన్ అన్సీసర్ ఆ రోజు కూడా మీటింగు పుస్తకం మూసేయబోయాడు.

"ఆగండి! నాదొకటుంది!"

అవతల పది తలలూ ఇటు తిరిగాయి. ఆమె బూర నోటికి పెట్టుకుని, తీసేసి, మళ్ళీ పెట్టుకుంది.

"పదహారేళ్ళయింది! మా బడి గడప ఇంకో టీచరు తొక్కలేదు! నేను చెప్పేది సరిగ్గా చెబుతున్నానో, తప్పు చెబుతున్నానో, చూసి చెప్పే మనిషి లేడు! పిల్లలకి నేను తప్ప ఇంకో టీచరు తెలీదు! వాళ్ళ అమ్మానాన్నలకి నేనేం చేసినా గొప్పే! నాకు తెలియట్లేదు! అదీ నాకు తెగనిది!"

అవతల ఒకావిడ ముక్కు తుడుచుకుంది. అర్నోబియో గొంతు సవరించుకున్నాడు.

"ప్రొఫె! మీరు చేసేదాంట్లో తప్పేంటండీ! మీ పరికరాలు లేకపోతే మా బడులే లేవు! ఈ కొండలన్నిటిలోనూ మీ అంతటి..."

"చేత్తో," అంది ఎవరో.

నయీబే. ఆయన పక్కనే నిలబడి, మెల్లగానే అంది.

"ఏంటమ్మాయ్?"

"నోటితో చెప్పకూడదు కదండీ. ఆ రూలు మీదే కదా. చేత్తో."

"చేత్తో! చేత్తో!" అని ఇంకో ఇద్దరు అందుకున్నారు. అర్నోబియో చుట్టూ చూశాడు. ఒక్కరి మొహంలో కూడా జాలి లేదు. లోయ వంక చూశాడు. అందులో కూడా లేదు.

"నాకేమైనా అయితే నా ఎనభై కిలోల ఉసురు మీకు తగుల్తుంది," అన్నాడు. నూట పది ఉంటాడు.

టోపీకి గడ్డం కింద తాడు కట్టుకున్నాడు. తొట్టిలో కూర్చున్నాడు. తొట్టి మూలిగింది. ఆ మూలుగు సాన్ లినోలో వినపడిందని చెప్పుకుంటారు. కళ్ళు గట్టిగా మూసుకుని, కార్మెన్ మాతకి ముందు ఒక కొవ్వొత్తి, పావు దూరం పోయాక డజను, సగానికి వచ్చేసరికి తన ఎత్తు కొవ్వొత్తి మొక్కుకున్నాడు.

"కళ్ళు తెరవకండి ప్రొఫె! కింద ఏం లేదు!" అని ధైర్యం చెప్పాడు గిల్దార్దో.

"ఏం లేదనే కదయ్యా భయం!"

బడి ఒడ్డున తొట్టి ఆగాక ఆయన ఒక్కో కాలే బయటపెట్టి దిగాడు. ఇద్దరు పెద్ద పిల్లలు చెరో చెయ్యి పట్టుకున్నారు. దాయిరా పోయిన గొంతుతోనే తయారుచేసుకున్న ఉపన్యాసం మొత్తం చెప్పింది, పదిమంది కోసం రాసింది కాబట్టి "విచ్చేసిన పెద్దలందరికీ" అనే చెప్పింది. ఆయన కూడా టోపీ తీసి, పదిమంది తరఫునా తలవంచాడు.

"మూడింటికల్లా మంచు దిగుతుంది! దిగిందంటే తొట్టి కదపను! గంట టైము!" అని అరిచాడు గిల్దార్దో.

పదహారేళ్ళుగా లుదీవియా ఆ గడప దగ్గర చెప్పాల్సిన మాటలు తయారుచేసుకుంటూనే ఉంది. తీరా మనిషి లోపలికి అడుగు పెట్టాక ఒక్క మాట రాలేదు. పరీక్ష కాగితం ఇచ్చేసిన పిల్లలా జాకెట్టు అంచు మెలిపెడుతూ నిలబడింది. వస్తువులన్నీ అవతలికి పోయాయి కదా, గది బోసిగా ఉంది. అర్నోబియో ఖాళీ అరలు చూశాడు. గోడమీద హాజరు పట్టీ చూశాడు. చిన్న కుర్చీ ఒకటి లాక్కుని కూర్చోబోయి, కుర్చీ మీద దయతలచి మానేశాడు.

"ఒకటో తరగతి వాళ్ళని కిటికీ దగ్గరెందుకు పెట్టావు?"

ఆమె తుళ్ళిపడింది. "వెలుతురు కోసం."

"వెలుతురా? వాళ్ళు కోడిపెట్టల్ని చూస్తూ కూర్చుంటారు. నేనయితే అదే చేస్తాను."

"...చూస్తారు," అంది లుదీవియా. తనకి తెలియకుండానే నవ్వొచ్చింది.

పెరట్లోకి తీసుకెళ్ళింది. మట్టికొండని చూసి అర్నోబియో మొట్టమొదటిసారి నోరు మూశాడు. దాయిరా చెంబు తెచ్చి పైనుంచి నీళ్ళు పోసింది. పాయలు మెరుస్తూ దిగాయి, ఒక్కో రాయి పక్కనుంచి తిరిగి, పద్నాలుగు ఇళ్ళూ తడిపి, ఏట్లో కలిశాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. లుదీవియా ఆయన మొహమే చూస్తోంది.

అర్నోబియో మెల్లగా, పొట్టని ముందు దింపి, తరవాత మోకాళ్ళని దింపి కూర్చున్నాడు. వేలితో ఒక పాయని అనుసరించాడు. పై గట్టు మీది రెండు రాళ్ళ దగ్గర వేలు ఆగింది.

"ఈ రెండిళ్ళు ఎవరివి?"

"ఒకటి మాది," అంది దాయిరా.

"ఇది శిఖరం పక్క గట్టు. మధ్యలో పల్లం ఉంది. నీళ్ళు పల్లంలోకి దిగి, మళ్ళీ ఎక్కి మీ ఇంటికి ఎలా వచ్చాయి?"

పిల్లలు ప్రొఫె వంక చూశారు. అర్నోబియో వేలితో ఆ పల్లంలో మట్టి గోకాడు. కింద, దొంగచాటుగా, చీల్చిన వెదురు బద్ద కనపడింది. పల్లం మీదుగా నీళ్ళని గట్టుకి దాటించడానికి ఎవరో పాతిపెట్టారు.

"నేనే పెట్టాను," అంది లుదీవియా. "మొదట కట్టినప్పుడు ఈ రెండిళ్ళకీ నీళ్ళు రాలేదు. వీళ్ళు ఏడ్చారు. అందరిళ్ళకీ వచ్చి మా ఇంటికే రావేంటని. ఎలా చూస్తూ ఊరుకోను?"

"ఏడవనివ్వాల్సింది."

"నీకేం తెలుసు? నువ్వు చూశావా వాళ్ళ మొహాలు?"

"చూడలేదు. చూసినా బద్ద పెట్టను. ఇది కొండ లుదీవియా, పుట్టినరోజు కేకు కాదు, అందరికీ సమానంగా పంచడానికి! నీళ్ళు ఎటు పోతాయో నేర్పడానికి కట్టి, పోనిచోటికి పోతాయని చూపిస్తున్నావు. ఇది తప్పు. శుద్ధ తప్పు."

పిల్లలు ఒక అడుగు దగ్గరికి జరిగారు. వాళ్ళ ప్రొఫెతో ఎవరైనా అలా మాట్లాడగా వాళ్ళు పుట్టాక వినలేదు. లుదీవియా బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆమె కూడా మోకాళ్ళ మీద కూలబడింది, కొత్త జాకెట్టు బురదలో.

"అయితే రెండేళ్ళుగా ప్రతి పూటా ఒక పిల్ల ఎండిపోయిన తన ఇంటిని చూస్తూ కూర్చోవాలా? అదా చదువంటే?"

"చూస్తేనే కదా పైపు ఎక్కడనుంచి వెయ్యాలో ఆలోచించేది!"

"పదకొండేళ్ళ పిల్లా?"

"పదకొండేళ్ళ పిల్లే! లేకపోతే ఎవరు? నువ్వా, నేనా?"

"ప్రొఫె," అంది దాయిరా. ఇద్దరూ ఒకేసారి తిరిగారు. "మా ఇంటికి నీళ్ళు రావని నాకు తెలుసు. రోజూ ఊటనుంచి రెండు బిందెలు మోసేది నేనే కదా. ప్రొఫెకి ఇలా ఉంటే ఇష్టమని ఊరుకున్నాం."

లుదీవియా ఆ బద్ద మీది మట్టిని బొటనవేలితో తుడిచింది. రెండేళ్ళుగా ఆ పిల్లల కోసం తను పెట్టిన బద్దని, తన కోసం ఆ పిల్లలు అలాగే ఉంచారు. తరవాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ పల్లం ఎంత లోతు, ఊట ఎక్కడ, ఆ ఊటని కొండలో ఎలా చూపించాలి, బద్ద తీసేసి అసలు పైపు పిల్లల చేతే వేయిస్తే ఎత్తు చాలుతుందా, చాలదని ఈమె, చాలుతుందని ఆయన. చేతులు బురదలో పెట్టి గీతలు గీశారు, చెరిపారు, ఒకరి గీత మీద ఇంకొకరు గీశారు. ఆమె గొంతు పెరిగింది. తలనొప్పి లేదు, మొహమాటం లేదు. ఆ కాసేపు ఆమెని చూసిన పిల్లలు తరవాత ఇళ్ళల్లో చెప్పారు, ప్రొఫె దెబ్బలాడుతుంటే అందంగా ఉందని.

అవతలి ఒడ్డునుంచి గిల్దార్దో ఈల వేశాడు. కొండ మీదనుంచి మంచు దిగుతోంది, పాలు పొంగినట్టు.

"ఇప్పుడు రాకపోతే సోమవారం దాకా అక్కడే ప్రొఫె!"

అర్నోబియో లేచాడు. ఆ బురద చేతులతోనే పరిగెత్తినట్టు నడిచాడు. లుదీవియా పక్కనే, ఇంకా వాదిస్తూనే. తొట్టిలో కూర్చున్నాడు. ఈసారి కళ్ళు మూసుకోవడం మరిచిపోయాడు.

"ఊట పై గట్టుకంటే ఎత్తులో ఉందంటున్నావు, నువ్వు కొలిచావా?" అని తొట్టి కదిలాక వెనక్కి తిరిగి అరిచాడు.

"కొలవక్కర్లేదు! రోజూ చూస్తున్నాను!"

"చూడటం కాదు! సన్న గొట్టంలో నీళ్ళు పోసి, రెండు కొసలూ పైకి పట్టుకుంటే మట్టం..."

మిగతాది మంచు మింగేసింది. కప్పీ కిర్రుమనడం వినపడింది, తరవాత అవతల ఒడ్డున ఎవరో ఆయన్ని దింపుకుంటున్న సందడి, నవ్వులు. ఎవరి నవ్వు ఎవరిదో తెలియలేదు. లుదీవియా బూర అందుకుంది.

"గొట్టంలో గాలి బుడగ ఉంటే? అప్పుడు మట్టం తప్పు చూపిస్తుంది కదా? అర్నోబియో!"

జవాబు రాలేదు. జీపు తలుపులు మూసిన చప్పుడు వచ్చింది.

దాయిరా పక్కకి వచ్చి నిలబడింది.

"ఆయనకి నచ్చిందా ప్రొఫె?"

"నచ్చలేదు. తప్పన్నాడు."

"మళ్ళీ వస్తారా వాళ్ళు?"

అవతల జీపు మొదటి మలుపు తిరిగింది. గేరు మారిన మూలుగు తెల్లటి మంచులోంచి సన్నగా వచ్చింది. రెండో మలుపు దగ్గర ఇంకా సన్నబడింది. మూడోది దాటితే ఇంక వినపడదు. వెనక పిల్లలు ఏదో అడగబోతుంటే, లుదీవియా చెవి ఆ మూలుగు మీదే పెట్టి, వాళ్ళ వైపు తిరక్కుండానే, మాట్లాడొద్దని బురద చెయ్యి పైకెత్తింది.